పిడికెడు బియ్యం

ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఎవరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చోనక్కర్లేదు. కరోనా రెండో ఏడు నేను చచ్చిపోవాలనుకున్నాను. చావలేదు. ఇప్పుడు మార్కాపురంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఒత్తులు మింగేసే పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సాయంత్రం దోర్నాల బస్సెక్కి మా ఊరి స్టేజీలో దిగి, ఇంటికి నడిచి, అన్నం వండుకుంటాను. ఆ అన్నం వండుకోవడం గురించే ఇదంతా.

కరోనాలో ఎవరెవరు పోయారని అడిగితే మా పల్లెలో ఎవరైనా వేళ్ళు మడుస్తూ చెబుతారు. జ్వరంతో పోయినవాళ్ళ పేర్లే వస్తాయి. జ్వరం రాకుండా పోయినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోతుంది, మాట వానల మీదికి మళ్ళుతుంది. వాళ్ళు పోయింది కూడా కరోనాలోనే. కానీ వాళ్ళని ఆ లెక్కలో కలపాలంటే మనుషులకి నోరు రాదు.

నాకు ఒక సంగతి వింతగా ఉండేది. మొదటి లాక్‌డౌన్‌లో, అందరం చచ్చిపోతామని అందరూ అనుకున్న రోజుల్లో, మా చుట్టుపక్కల అట్లాంటి చావు ఒక్కటీ వినలేదు. హైదరాబాదులో, చెన్నైలో బిల్డింగు పనులకి పోయినవాళ్ళంతా తిరిగొచ్చారు. ఇళ్ళు నిండిపోయాయి. గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే అరుగు మీద కూర్చుని అష్టాచెమ్మా ఆడారు, అందులోనూ తగాదా పడ్డారు. అందరికీ పని లేనప్పుడు పని లేకపోవడం సిగ్గుగా అనిపించదు. భయం కూడా అంతే, ఊరంతా పంచుకుంటే ఒక్కొక్కరి వంతుకి కాస్తే వస్తుంది.

తర్వాత తలుపులు తెరిచారు. బస్సులు తిరిగాయి. పని దొరికినవాడు పోయాడు, దొరకనివాడు మిగిలాడు. అరుగులు ఖాళీ అయ్యాయి. అప్పుడు మొదలైంది. గిద్దలూరు వైపు ఒకరని వినేవాళ్ళం, పుల్లలచెరువు వైపు ఒకరని. ఏమైందంటే కడుపునొప్పి అనేవాళ్ళు. మా వైపు అట్లా పోయినవాళ్ళందరికీ కడుపునొప్పే ఉంటుంది, పేపర్లోనూ అదే రాస్తారు. ఆ ఏడు మా చుట్టుపక్కల చాలామందికి కడుపునొప్పి వచ్చింది. కొందరిని సమయానికి ఆసుపత్రికి తీసుకుపోయి బతికించుకున్నారు. వాళ్ళు ఇంటికొచ్చాక ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు, అడగకపోవడమే మర్యాద అనుకునేవాళ్ళం.

ఇక బియ్యమత్త గురించి చెప్పాలి. ఆమె నాకు సొంత అత్త కాదు, ఊరి వరసకి అత్త. అరవై దాటిన మనిషి, మొగుడు ఎప్పుడో పోయాడు, మిరపకాయ కోతలకీ కంది కోతలకీ కూలికి పోతుంది. మా పల్లెలో మా వాళ్ళమంతా క్రైస్తవులం. మా ఆడవాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. అది దేవుని వంతు. పొద్దున వండితే పొద్దున, రాత్రి వండితే రాత్రి. శనివారం సాయంత్రం ఆ డబ్బాలన్నీ ఖాళీ చేసుకుపోవడం ఈ అత్త పని. యూరియా సంచిని ఉతికి, రెండు చెవులు కుట్టి, దాన్ని భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. అందుకే పిల్లలు ఆమెని బియ్యమత్త అన్నారు, పెద్దలకీ అదే అలవాటైంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని మందిరంలోనే వేలం వేసేవాళ్ళు. ఎవరూ ఎగబడి పాడేవాళ్ళు కాదు. ఒక ఇంటి రేషన్ బియ్యం, ఒక ఇంటి సన్నబియ్యం, ఇంకో ఇంటి పాత బియ్యం, అన్నీ ఒకే సంచిలో కలిసిపోతాయి కదా. వండితే ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా ఉంటుంది. ఎవరైనా నూకలు వేస్తే అత్త గడప మీదే కడిగేసేది.

"నూకలు దేవునికీ, సన్నాలు మీకా? ఆయనకి పళ్ళు లేవనుకున్నారా?"

డబ్బా మూత తీసే ముందు ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపేది. ఆ మోతని బట్టి "ఏంది, ఈ వారం చుట్టాలొచ్చినారా?" అనేది. లేదంటే "రెండు పూటలు పొయ్యి ఎలిగించలేదా ఏంది, మొగుడితో జగడమా?" అనేది. చాలాసార్లు నిజమే అయ్యేది. నాకు ఆ ఆరా నచ్చేది కాదు. ఊళ్ళో నాకు నచ్చని సంగతులు అప్పట్లో చాలా ఉండేవి.

కరోనా వచ్చాక మందిరం మూతపడింది, ప్రార్థన ఫోన్లోకి వచ్చింది. ఆదివారం పొద్దున పాస్టరయ్య వాక్యం చెబుతుంటే ఒకరింట్లో కోడి, ఒకరింట్లో కుక్కరు, ఇంకొకరింట్లో మొగుడూపెళ్ళాల తగాదా, అన్నీ అందరికీ వినిపించేవి. మ్యూట్ చేయమని నేను అరిచిన అరుపులు కూడా వినిపించేవట. కానీ పిడికెడు బియ్యం ఆగలేదు. వేలం లేదు కాబట్టి ఆ బియ్యం జ్వరం వచ్చిన ఇళ్ళకి ఇవ్వాలని పెద్దలు అనుకున్నారు. అత్త ముక్కుకి కొంగు చుట్టుకుని గేటు దగ్గర సంచి పెట్టి, "బియ్యం పెట్టినా, తీసుకోండి" అని కేకేసి వెళ్ళిపోయేది.

మా వీధి చివరి ఇంట్లో ఒకతను ఉండేవాడు. నాకు మరిది వరస. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పలకకి చెక్క చట్రం బిగించేవాడు. బళ్ళు మూసేశాక పలకలు ఎవరికి కావాలి? ఫ్యాక్టరీ ఆగింది. నా జీతమూ ఆగింది. ఇద్దరం ఒకే పిల్లల మీద బతికేవాళ్ళమని అప్పుడే తెలిసింది. వీధిలో కనిపించినప్పుడల్లా నవ్వుతూ అడిగేవాడు.

"వదినా, నీ పిల్లోళ్ళు బడికి ఎప్పుడొస్తారు?"

"వస్తార్లే, పో. వాళ్ళొస్తే నీకు పలకలు, నాకు తలనొప్పి" అనేదాన్ని.

అన్నీ తెరిచారు గానీ బళ్ళు తెరవలేదు. అతని భార్య పిల్లల్ని తీసుకుని కురిచేడు దగ్గర పుట్టింటికి కూలి పనికి పోయింది. ఒక శనివారం అతను ఇంట్లో ఉన్న బియ్యం మొత్తం తెచ్చి అత్త సంచిలో పోశాడు. డబ్బా కూడా ఇచ్చేశాడు. ఆదివారం ఫోన్ ప్రార్థనలో పాస్టరయ్య ఆ సంగతి అందరికీ చెప్పాడు. తనకున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేసిన విధవరాలిలాంటి విశ్వాసం అన్నాడు. అందరం స్తోత్రం అన్నాం. అతను కూడా ఫోన్లో ఉన్నాడు. అతనూ స్తోత్రం అన్నాడు, ఆ గొంతు నాకు గుర్తుంది, మామూలుగానే ఉంది.

మంగళవారం అతను లేడు. కడుపునొప్పి అన్నారు.

ఆ వారమే మా ఆయనకీ నాకూ జ్వరం. గేటు దగ్గర ఎప్పటిలాగే కలిసిన బియ్యం వచ్చింది. మా ఆయన గంజి కాచాడు. ఆయన శ్రీశైలం బస్సుల్లో కండక్టరు. జనాన్ని తోసి తోసి ఇంట్లో కూడా అదే ధోరణి, గంజి గిన్నె పట్టుకొచ్చి "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి" అంటూ మంచం మీద చోటు చేసుకునేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది. మాకు పిల్లల్లేరు. ఆయన నోరు ఉంటే ఇల్లు నిండుగానే ఉండేది. ఆసారికి ఇద్దరం బయటపడ్డాం.

మరుసటి ఎండాకాలం రెండోసారి కరోనా ముదురుతోందనగా ఆయన మార్కాపురం పోయి పాతిక కిలోల బియ్యం బస్తా బండి మీద వేసుకొచ్చాడు. నడుము నొప్పి ఉంది, నేను పట్టుకుంటానంటే వినకుండా భుజానికెత్తుకుని వంటింటి మూల దించాడు. బస్తా మూతి కుట్టిన దారాన్ని ఒక్క లాగుతో ఊడదీయడం ఆయనకో గొప్ప. సరైన కొస పట్టుకుంటే సర్రున వచ్చేస్తుంది, తప్పు కొస పట్టుకుంటే ముడి పడుతుంది. ఆయనకి ఎప్పుడూ ముడి పడలేదు. ఊడిన దారాన్ని చుట్ట చుట్టి గోడ మేకుకి తగిలించి, "మూడు నెలలు చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

పది రోజులు కూడా గడవలేదు. ఒంగోలు ఆసుపత్రికి పోయే అంబులెన్సులోకి తనే నడిచి ఎక్కినవాడు తిరిగి రాలేదు. ఒళ్ళంతా కప్పుకున్న మనుషులు నలుగురు సమాధి చేశారు, నేను దూరంగా నిలబడ్డాను. మా వాళ్ళలో ఎవరైనా పోతే మూడో రోజు ఆదరణ కూడిక పెడతారు. ఇంటి ముందు పట్టాలు పరిచి, పాటలు పాడి, అన్నం పెట్టి, పోయినవాడి గురించి ఒక్కొక్కరూ లేచి ఒక మాట చెబుతారు. ఎప్పుడూ అది సాగదీత అనుకునేదాన్ని. ఆయనకి అది జరగలేదు. ఆయన టిక్కెట్టు లేని ముసలమ్మల్ని దించేసినట్టు నటించి వెనక తలుపు నుంచి ఎక్కించుకునేవాడని లేచి చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఆ కూడిక ఎందుకు పెడతారో నాకు అప్పుడు అర్థమైంది.

నాకు వండబుద్ధి కాలేదు. బస్తా దగ్గరికి పోతే ఆయన చేతి అచ్చు అందులో ఉందనిపించేది. చెయ్యి పెడితే అది చెదిరిపోతుంది. మరమరాలు, అరటిపళ్ళు, పక్కింటివాళ్ళు పెట్టిన రెండు ముద్దలు, ఇట్లా గడిపాను. శనివారం బియ్యమత్త వచ్చి డబ్బా ఊపేది. మోత లేదు. ఏమీ అనకుండా యథాస్థానంలో పెట్టేసేది. తర్వాతి శనివారం వస్తూ గోంగూర పచ్చడి తెచ్చి, "నంజుకో" అని పెట్టి పోయింది. అన్నమే లేకపోతే దేంట్లో నంజుకోను? ఆ పచ్చడి కూడా బూజు పట్టింది.

మొదట్లో ఏడ్చాను. బాగా ఏడ్చాను, వీధి చివరికి వినిపించేలా. తర్వాత ఏడుపు ఆగిపోయింది. ఏడుపు ఆగాక టీచరమ్మ తేరుకుందని అందరూ అనుకున్నారు. ఫోన్ చేసినవాళ్ళు ధైర్యంగా ఉండమని చెప్పి, నేను సరేనంటే హాయిగా పెట్టేసేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు, నా గొంతు అంత చక్కగా ఉండేది. స్కూలు ఇంకా తెరవలేదు. పొద్దున లేవడానికి కారణం వెతుక్కుంటే దొరికేది కాదు. ఎందుకు చావాలనుకున్నావని అడిగితే ఆయన పోయాడనో, పని పోయిందనో ఒక్క ముక్కలో చెప్పలేను. బతికి ఉండటమే బరువుగా ఉండేది, దాన్ని దించేస్తే చాలనిపించేది. అంతే.

ఒక వారం నాకు మనసు తేలికైపోయింది. అదే భయపడాల్సిన తేలిక అని ఇప్పుడు తెలుసు. ఇల్లు కడిగాను. ఆయన చొక్కాలు కూలికి పోయే కుర్రవాళ్ళకి ఇచ్చాను. కోళ్ళని పక్కింటికి తోలాను. శనివారం బస్తాని వంటింట్లోంచి ఈడ్చుకొచ్చి గడప దగ్గర పెట్టాను. అందరికీ అన్నీ సర్దేశాననే తృప్తి కూడా కలిగింది, అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే జాలి.

బియ్యమత్త వచ్చింది. బస్తాని చూసింది.

"ఏంది కోడలా ఇది?"

"దేవునికి అత్తా. నాకెందుకు ఇంత బియ్యం? ఎవరినైనా పిలిచి తీసుకుపో."

ఆమె సంచి తీసి పక్కన పెట్టింది. గడప మీద కూర్చుంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండా, బస్తాని చూస్తూ మాట్లాడింది.

"దేవుడు పిడికెడు అడిగినాడు. బస్తా అడిగినాడా?"

"ఇష్టమై ఇస్తున్నాను."

"నీ మరిది కూడా ఇట్లనే ఇష్టమై ఇచ్చినాడు. నేను సంబరంగా నెత్తిన పెట్టుకుని పోయినా."

అప్పుడు అత్త తల తిప్పి సూటిగా నా మొహంలోకి చూసింది.

"చచ్చిపోవాలని ఉందా కోడలా నీకు?"

ఆ మాట అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. నాకు నేను కూడా మాటల్లో చెప్పుకోలేదు. కోపం వచ్చింది, ఈమెకేం హక్కు అనిపించింది. ఏం మాటలు అత్తా అవి అనబోయాను. నోట్లోంచి ఊఁ అని వచ్చింది.

ఆమె బైబిలు వాక్యం చెబుతుందనుకున్నాను. పాపం అంటుందనుకున్నాను. ఏదీ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. మిరపకాయలు కోసి కోసి గరుకెక్కిన చెయ్యి, కాస్త మండింది కూడా.

"ఎప్పట్నించి?"

చెప్పాను. తేలికైందని చెప్పాను, కోళ్ళని తోలేశానని చెప్పాను. అన్నీ వింది. మధ్యలో ఒక్కసారి కూడా తప్పమ్మా అనలేదు. చెప్పడం అయ్యాక లేచి, ఇంట్లో అందుకోసం ఏమైనా దాచుకున్నావా అని అడిగింది. చూపించాను. అదేమిటో ఇక్కడ రాయను. దాన్ని తన కొంగులో మూటగట్టుకుని, పక్కింటి పిల్లని కేకేసి, ఈ రాత్రి అత్త టీచరమ్మ ఇంట్లో ఉంటుందని తన ఇంటి పక్కవాళ్ళకి చెప్పి రమ్మంది. అప్పుడు బస్తా వైపు తిరిగింది.

"లోపలికి లాగు. నాకు నడుములు లేవు, నువ్వే లాగు. నాకు ఆకలవుతోంది. ఎసరు పెట్టు."

"నాకు వద్దత్తా."

"నీకు పెట్టమన్నానా? నాకు పెట్టమన్నా. ఇంటికొచ్చిన ముసల్దానికి ఇంత అన్నం పెట్టలేవా, ఏం టీచరమ్మవి నువ్వు?"

మా ఇంట్లో ఎవరైనా ఆకలి అంటే నాకు ఆగదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎసరు పెట్టాను. బస్తా ముందు నిలబడి చెయ్యి పెట్టలేకపోయాను. అత్త పక్కకొచ్చి నా మణికట్టు పట్టుకుని బస్తాలోకి ముంచింది. బియ్యం చల్లగా ఉంది. అందులో ఆయన చేతి అచ్చు ఏమీ లేదు, బియ్యమే ఉంది. అప్పుడు ఏడ్చాను, ఆగిపోయిన ఏడుపంతా వచ్చింది. ఏడుస్తుంటే ఆమె మణికట్టు వదల్లేదు.

"ముందు పిడికెడు డబ్బాలో వెయ్. తర్వాత ఏడుద్దువు, ఎసరు పొంగుతోంది" అంది.

ఆ రాత్రి ఆమె రెండుసార్లు పెట్టించుకుని తింది. నేను నాలుగు ముద్దలు తిన్నాను.

ఆ నాలుగు ముద్దలతో అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధం. సోమవారం నన్ను ఆటోలో మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. చిన్న వయసు డాక్టరమ్మ. నన్ను అడిగిన ప్రతి ప్రశ్నకీ అత్తే జవాబు చెప్పడంతో ఆమెని కాసేపు బయట కూర్చోమంది. అత్త బయట కూర్చుని కిటికీలోంచి జవాబులు చెప్పింది. ఇదీ ఒక జబ్బే, దీనికీ మందులున్నాయి, టైము పడుతుంది అని డాక్టరమ్మ చెప్పింది. ఈ మధ్య ఇట్లా వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారా అని అడిగాను. "రానివాళ్ళ గురించే నా బెంగ" అంది. మందులు వాడాను. కొన్ని వారాలు బాగుండేది, కొన్ని వారాలు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అట్లాంటి వారాల్లో అత్త పొద్దున్నే వచ్చి, ఏమీ అడగకుండా, మా వాకిట్లో కూర్చుని తన ఇంటి కందులు చెరుక్కునేది.

శనివారాలు తనతో రమ్మంది. కళ్ళు సరిగా ఆనడం లేదు, సంచి పట్టుకునేవాళ్ళు కావాలంది. కళ్ళు ఆనడం లేదన్నది వట్టిదే, దారిలో రాయి మీద తేలుని నాకంటే ముందు ఆమే చూసింది. అయినా వెళ్ళాను. అప్పుడు తెలిసింది, నా ఇల్లు ఒక్కటే కాదని. హైదరాబాదు నుంచి తిరిగొచ్చి మళ్ళీ పోలేకపోయిన ఒకతను, చదువు ఆగిపోయి ఇంట్లో కూర్చున్న ఒక ఇంటరు పిల్ల, బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి. అత్త అందరినీ ఆ మాట అడగలేదు. చాలా ఇళ్ళలో నూకల గురించి తిట్టి, నవ్వించి, వచ్చేసేది. డబ్బా మోత తేడాగా ఉన్నచోట మాత్రం సంచి కింద పెట్టి గడప మీద కూర్చునేది. నన్నూ కూర్చోమనేది. ఆ ఇంటరు పిల్ల ఆమె అడిగినప్పుడు నాలాగే ఊఁ అంది. మర్నాడు ఆ పిల్లనీ వాళ్ళ అమ్మనీ ఆసుపత్రికి నేను తీసుకుపోయాను.

ఒకసారి దారిలో అడిగాను, నన్ను ఆ మాట అడగడానికి భయం వేయలేదా అని.

"ఎందుకెయ్యదు? లేని ఆలోచన నేనే పుట్టిస్తానేమో అనుకున్నా. కానీ నీ మరిదిని అడగలేదు గదా కోడలా. ఏంది నాయనా ఇంత బియ్యం ఇస్తివి, రేపు ఏం తింటావు అని ఒక్క మాటైనా అడిగిన్దాన్ని కాదు. ఆ బియ్యం మీ ఇంటికి కూడా వచ్చినాది. మీరిద్దరూ జ్వరంతో ఉంటే నేనే తెచ్చి గేటు కాడ పెట్టినా."

నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆ గంజి. ముందుకి జరగాలి అంటూ ఆయన తెచ్చిన గంజి. నీ పిల్లోళ్ళు ఎప్పుడొస్తారు వదినా అని అడిగినవాడి చివరి బియ్యం మేం తిని బతికాం. రోడ్డు పక్కన కంది చేను గట్టు మీద కూర్చుని అతని కోసం ఏడ్చాను, అతను పోయి ఏడాది దాటాక. అత్త కూడా కూర్చుంది. ఇద్దరం అతని గురించి ఒక్కో మాట చెప్పుకున్నాం. చట్రం బిగించేటప్పుడు మేకులు పెదాల మధ్య పెట్టుకుని పాటలు పాడేవాడని ఆమె చెప్పింది. మేకులు మింగుతావురా అంటే పలకతో పాటు మింగుతానత్తా అనేవాడట.

మందిరం మళ్ళీ తెరిచాక అత్త ఆరాధన అయ్యేదాకా ఆగి, పాస్టరయ్యని అందరి ముందూ కాకుండా పక్కకి పిలిచి చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ మరిది సంగతి ఆయన మనసులోనూ నలుగుతూనే ఉందట. అప్పటి నుంచి మా మందిరంలో ఒక పద్ధతి పెట్టారు. పిడికెడు బియ్యం డబ్బాలో పట్టినంతే తీసుకుంటారు. ఎవరైనా అంతకుమించి ఇస్తే స్తోత్రం చెప్పరు. ముందు ఆ ఇంటికి ఇద్దరు పోయి కూర్చుంటారు.

బస్తా చలికాలం దాకా వచ్చింది. ఒక పొద్దున చెయ్యి పెడితే అడుగు తగిలింది. బోర్లించి దులిపితే ఒక పిడికెడు వచ్చింది. ఆయన తెచ్చిన బియ్యమంతా నేనే తినేశాను. ఆయన తిన్నది పది రోజులు కూడా లేదు. ఆ చివరి పిడికెడు దాచుకుందామా అనుకున్నాను. దాచుకోలేదు, డబ్బాలో వేశాను.

ఆ రోజే మార్కాపురం పోయాను. ఆయన ఎప్పుడూ కొనే దుకాణమే. దుకాణం అతనికి ఆయన పోయిన సంగతి తెలుసు. మొహం చిన్నబుచ్చుకుని అడిగాడు.

"ఐదు కిలోలు కట్టమంటారా టీచరమ్మా? ఒక్కరేగదా."

"పాతిక కిలోల బస్తా ఇవ్వు."

"పురుగు పడుతుందేమో అమ్మా, అయ్యేసరికి..."

"పడనీ, ఏరుకుంటాను. తినడానికి నేనున్నాను కదా" అన్నాను. కాస్త కసురుకున్నట్టే అన్నాను. అతను బస్తాని ఆటోలో వేయించాడు.

ఇంటికొచ్చి బస్తా మూతి దారం లాగాను. తప్పు కొస పట్టుకున్నాను, ముడి పడింది. ఈ ఒక్క పనీ నేర్పకుండా పోయావని ఆయన్ని నాలుగు తిట్టి, కత్తెరతో కోశాను. ఎసరు పెట్టి, మొదటి పిడికెడు డబ్బాలో వేశాను. రేపు శనివారం.